ఎడంచేతికి ఊలు సంచి

చిక్కడపల్లి సందులోని ఆ మూడంతస్తుల మేడలో కమలాకుమారికి కోపం వచ్చిందంటే ముందు గిన్నెలకి తెలుస్తుంది, తర్వాత కింది వాటా వాళ్లకి తెలుస్తుంది, అందరికంటే ఆఖర్న మొగుడికి తెలుస్తుంది. ఆయన పేరు జగన్నాథరావు. సెక్షనాఫీసరుగా రిటైరై ఏళ్లు గడిచినా ఆయన ఆఫీసుని వదల్లేదు. కందిపప్పు డబ్బా ఏ అరలో ఉండాలో, పాలవాడు గుమ్మానికి ఎంత ఎడంగా నిలబడాలో, చెప్పులు ఏ వైపు తిరిగి ఉండాలో, అన్నిటికీ ఆయన దగ్గర ఒక ఆర్డరుంటుంది. వాళ్ల నాన్న యాభై ఆరులో రాజధానితోపాటు కర్నూలు నుంచి వచ్చిన గుమస్తా. "మేం ఈ ఊరికి పద్ధతి పట్టుకొచ్చాం" అంటాడు జగన్నాథరావు. ఆ పద్ధతితోపాటు కాస్త బుద్ధి కూడా ట్రంకుపెట్టెలో సర్దుకుని ఉంటే బాగుండేదని కమలాకుమారి వంటింట్లో గొణుక్కుంటుంది. గట్టిగా అనదు. గట్టిగా అంటే దానిమీద మళ్లీ ఒక గంట వాదన, అప్పటికి అన్నం మాడిపోతుంది.

కొడుకు మురళీకృష్ణ, కోడలు సుహాసిని పొద్దున్నే మెట్రో ఎక్కి ఆఫీసులకి పోతారు. ఒకటో క్లాసు చదివే మనవరాలు హారతి బడినుంచి వచ్చాక ఈ ఇద్దరి పాలే. హారతి పుట్టినరోజుకి ఎవరో పిల్ల ఒక డబ్బా ఇచ్చింది. అందులో రెండు ప్లాస్టిక్ రింగులున్నాయి, చిన్నదొకటి, పెద్దదొకటి. రింగు చుట్టూ మేకుల్లాంటి పుల్లలు నిలబడి ఉన్నాయి. వాటితోపాటు ఒక కొక్కెం. అదేమిటో ఎవరికీ అంతుపట్టలేదు. మురళీకృష్ణ బొమ్మ కిరీటం అన్నాడు. సుహాసిని దానిమీద చిల్లుల గిన్నె బోర్లించింది. జగన్నాథరావు ఏకంగా పొగలు కక్కే సాంబారు గిన్నె తెచ్చి దానిమీద పెట్టబోయాడు.

"అయ్యో అయ్యో, ఆగండి! అది ఊలు అల్లే చట్రం!" అని కమలాకుమారి పరుగెత్తుకొచ్చింది.

"చట్రవా? దీంతో అల్లుతారా? ఎవరు చెప్పారు నీకు?"

ఎవరు చెప్పాలి? నారాయణగూడలో ఆడపిల్లల హైస్కూల్లో చదువుకున్న రోజుల్లో క్రాఫ్టు పీరియడుండేది. టీచరు రెండు పొడుగు సూదులిచ్చి అల్లమనేది. కమలాకుమారిది ఎడంచేతి వాటం. అందరి అల్లికా ఒక దారిన పోతే ఈమెది ఎదురు దారిన పోయేది. టీచరు విప్పడం, మొట్టడం, మళ్లీ విప్పడం. చివరికి ఆవిడకే విసుగొచ్చి, గుండ్రటి చెక్కకి మేకులు కొట్టిన చట్రమొకటి అలమారలోంచి తీసి ముందు పడేసింది. "ఇదిగో, దీనికి కుడీ లేదు, ఎడమా లేదు. ఎటునుంచి తిరిగినా అల్లికే. తిరుగు." కమలాకుమారి తిరిగింది. ఆకుపచ్చ టోపీ ఒకటి అల్లింది. క్లాసులో అందరికంటే ముందు అల్లింది. ఆ తర్వాత పరీక్షలు, పెళ్లి, పురుళ్లు, అత్తగారి పథ్యాలు. చట్రం సంగతి మరి గుర్తు రాలేదు.

ఎడంచెయ్యి సంగతి మాత్రం ఇంట్లోవాళ్లు గుర్తు పెట్టుకున్నారు. భోజనాల వేళ వాళ్ల నాన్న ఆ చేతిని తువ్వాలుతో నడుముకి కట్టేసేవాడు. పుర్రచేతి పిల్లని ఎవడు చేసుకుంటాడని వాళ్లమ్మ గోల. హైస్కూలు దాటేసరికి తిండీ, రాతా కుడిచేతికి మారాయి. మారాయంటే మారాయి గానీ, ఆ రాతని పోస్టాఫీసువాళ్లు ఇప్పటికీ కూడబలుక్కుని చదువుతారు. పెళ్లిచూపులనాడు వాళ్లమ్మ ఆ చేతిని కొంగులో దాచుకోమంది. అలా దాచిన చెయ్యి జగన్నాథరావుకి ఈనాటివరకూ తెలియదు. ఆవిడ తెలియనివ్వలేదు అనడం కంటే ఆయన చూడలేదనడం న్యాయం. కత్తిపీట ముందు కూర్చుని ఆవిడ ఏ చేత్తో వంకాయ తరుగుతుందో చూడాలంటే మనిషి వంటింట్లోకి రావాలి కదా!

ఆ రోజు కొక్కెం తీసుకోగానే అది తనంతట తానే ఎడంచేతిలోకి వెళ్లింది. కమలాకుమారి ఒకసారి హాల్లోకి తొంగి చూసింది. ఆయన పేపరు వెనకాల ఉన్నాడు. ఆవిడ కుర్చీ బాల్కనీలోకి లాక్కుంది.

ఊలు కోసం సుల్తాన్ బజార్ వెళ్లింది. గుండీలు, లేసులు అమ్మే కనకయ్య దుకాణంలో అడిగితే ఆయన తల గోక్కున్నాడు.

"ఊలా? గిప్పుడు ఊలు ఎవ్వరు అడుగుతున్నరమ్మా? మంకీ క్యాపులు రెడీమేడ్ వొస్తున్నయి గద. వెనక మూలకు కొన్ని ఉండలున్నయి. ఎలుకలు గిట్ల కొరకకుంటె తీస్కపోండ్రి."

"ఎలుకలు కొరికాయో లేదో నేనెలా చూడను కనకయ్యా? నువ్వు చూసివ్వాలి గానీ!"

"జర ఓపిక పట్టుండ్రి, చూస్తున్న. హైదరాబాద్ల చలి ఎన్ని దినాలుంటది? మీరు అల్లేటాలకు ఎండలొస్తయి."

వస్తే రానీ. మేకుమేకుకీ దారం చుట్టి కిందకి తొయ్యాలి, పైన ఇంకో చుట్టు చుట్టాలి, కింది దారాన్ని కొక్కెంతో ఎత్తి మేకు తలమీదుగా లోపలికి వెయ్యాలి. అంతే పని. గుండ్రంగా అల్లి పైన ముడిస్తే టోపీ, అడుగు కుట్టేస్తే సంచి, చుట్టూ తిరక్కుండా ముందుకీ వెనక్కీ పోతే మఫ్లరు. ఈ సంగతి చేతికి గుర్తొచ్చాక ఇంట్లో ఏ వస్తువూ ఒంటిమీద బట్ట లేకుండా మిగల్లేదు. సెల్‌ఫోనుకి సంచి, కళ్లజోడుకి సంచి, మంచినీళ్ల సీసాకి చొక్కా, వేడి గిన్నెలు పట్టుకోడానికి గుడ్డ. రిమోటుకి తొడిగితే మురళీకృష్ణ బతిమాలి తీయించాడు. "కమలా, రేపు నన్ను కూడా కుట్టేస్తావేమిటే?" అన్నాడు జగన్నాథరావు. మూతి ఒక్కటి కుట్టగలిగితే అంతకన్నా ఏం కావాలి అనుకుందావిడ.

ఆయన వెక్కిరింతతో ఆగితే సరే. హారతికి పసుపూ ఎరుపూ కలిపి టోపీ అల్లుతోంది. ఆఖరి వరస అయింది. ఇక ఆ చుట్లన్నిటిలోంచీ సూదితో దారం దూర్చి బిగించాలి. ఈలోగా కుక్కరు కూత వేస్తే లోపలికి వెళ్లింది. వచ్చేసరికి జగన్నాథరావు రింగులోంచి టోపీ ఊడబెరికి, వేలాడుతున్న దారం అందంగా లేదని లాగుతున్నాడు. లాగినకొద్దీ టోపీ వస్తోంది.

"ఏవండీ! ఏం చేస్తున్నారండీ!"

"పూర్తయిందిగా? సర్దుతున్నాను. ఇదేవిటి ఇలా ఊడిపోతోంది? నాసిరకం ఊలు."

"ఊలు బానే ఉంది. చెయ్యే నాసిరకం. అడగొచ్చుగా? నోట్లో నాలుక లేదా? లోకంలో అందరికీ ఆర్డర్లు వేస్తుందిగా ఆ నాలుక!"

ఉండ చుట్టుకుంటూ ఆవిడ ఏడ్చినంత పని చేసింది. ఆయన పేపరు తీసుకుని, మేలు చేయబోతే ఇలాగే ఉంటుందన్నాడు.

అసలు గొడవ నల్లకుంటలో బంధువుల గృహప్రవేశం దగ్గర మొదలైంది. పురోహితుడికి తాంబూలం ఇవ్వమ్మా అని హారతిని ముందుకి తోశారు. అది ఎడంచెయ్యి చాపింది. పురోహితుడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అయ్యో, పుర్రచెయ్యా? పసితనంలోనే మాన్పించాలండీ" అని ఎవరో ముసలావిడ అంది. పదిమందీ చూశారు. జగన్నాథరావు మొహం కందగడ్డయింది. వచ్చే నెల ఆయన భీమరథ శాంతి, డెబ్బయ్యో ఏట చేసుకునే వేడుక. బెజవాడ నుంచీ ఏలూరు నుంచీ చుట్టాలంతా దిగుతారు. పంక్తిలో వాళ్ల ఎదురుగా మనవరాలు ఎడంచేత్తో అన్నం కలుపుతుందా? ఇంటికి రాగానే ఆర్డరు వేశాడు. ఈ రోజునుంచీ తిండి, రాత, ఇవ్వడం, పుచ్చుకోవడం, అన్నీ కుడిచెయ్యే.

సుహాసిని పాపం చెప్పి చూసింది. "మావయ్యగారూ, బళ్లో టీచరు అలా మార్చొద్దన్నారండీ. మెదడుకి మంచిది కాదట."

"మీ టీచరు మన పంక్తిలో కూర్చుంటుందా అమ్మా?"

సుహాసిని మురళీకృష్ణని చూసింది. వాడు ఫోను చూశాడు. తండ్రికి తగ్గ కొడుకే, కాకపోతే అరవడు.

భోజనాల దగ్గర చెక్క స్కేలు ప్రత్యక్షమైంది. హారతి ఎడంచెయ్యి లేస్తే చాలు, "చెయ్యి!" అని ఒక కేక, మణికట్టుమీద స్కేలుతో ఒక దెబ్బ. గట్టిగా ఏం కొట్టడం లేదు, ఊరికే తాకిస్తున్నానంటాడు. ఊరికే తాకిస్తే పిల్ల ఎందుకు బిక్కచచ్చిపోతోంది? గోడలనిండా ఏనుగులూ రైళ్లూ బొమ్మలు గీసే పిల్ల గీయడం మానేసింది. రంగుపెన్సిళ్లు డబ్బాలో అలాగే ఉన్నాయి. టీవీ చూస్తున్నా సరే ఎడంచెయ్యి గౌను జేబులోనే. స్నానం చేయిస్తుంటే "నానమ్మా, ఈ చెయ్యి చెడ్డది కదూ?" అంది. కమలాకుమారి చెంబు పక్కన పెట్టేసింది. ఆవిడకి ఆ మాట బాగా తెలుసు. ఆ వయసులో తనూ ఆ మాటే అనుకునేది.

సాయంత్రాలు హారతికి చదువు చెప్పడానికి స్నేహలత వస్తుంది. జగిత్యాల వైపు పల్లెటూరి పిల్ల. అశోక్ నగర్‌లో హాస్టల్లో ఉండి గ్రూప్స్ పరీక్షలకి చదువుతోంది. భయమంటే ఏమిటో తెలియని పిల్ల. హారతి కాపీ పుస్తకం చూసి నేరుగా హాల్లోకే వచ్చింది.

"అంకుల్, జర ఇది చూడుండ్రి. మొన్నటిదాక ముత్యాల లెక్క రాసేది పాప. గిప్పుడు అక్షరాలు తిరగేసి రాస్తున్నది. ఆ చెయ్యి బంద్ చేస్తె రాత ఎట్లొస్తది?"

"అలవాటవుతుందమ్మా. ముందు కష్టంగానే ఉంటుంది. నువ్వు నీ గ్రూప్స్ సంగతి చూసుకో."

"నేను చూసుకుంటనే ఉన్న. పాపను పరేషాన్ చెయ్యకుండ్రి అంటున్న. ఏడుస్తున్నది రోజూ." తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆ పిల్ల కమలాకుమారితో మెల్లగా అంది. "ఆంటీ, మీరేంది ఏం మాట్లాడరు?"

నిజమే, ఏం మాట్లాడుతోంది తను? గొణుగుతోంది. గిన్నెలు ఎత్తేస్తోంది. పనికొచ్చే మాట ఒక్కటి లేదు. స్నేహలత మాట రాత్రంతా కమలాకుమారిని నిద్రపోనివ్వలేదు.

మర్నాడు జగన్నాథరావుకి ఆలోచన వచ్చింది. ఆయనకి ఆలోచన వస్తే ఇంటికి అరిష్టం.

"కమలా, స్కేలుతో లాభం లేదు. అస్తమానం నేను చూస్తూ కూర్చోలేను. నువ్వెలాగూ ఆ రింగుమీద సంచులల్లుతున్నావుగా? పిల్ల ఎడంచేతికి ఒక సంచి అల్లు. వేళ్లు లేకుండా, మణికట్టు దగ్గర నాడా పెట్టి. ఇంట్లో ఉన్నంతసేపూ తొడిగి కట్టేద్దాం. కొట్టక్కర్లేదు, తిట్టక్కర్లేదు. వేడుక నాటికి అదే దారిలో పడుతుంది. మెత్తగా అల్లు, పాపం."

'పాపం' అన్నాడు! తను వెక్కిరించిన రింగుకి ఇన్నాళ్లకి పని చూపించాడు మహానుభావుడు. కమలాకుమారికి ఒళ్లు మండిపోయింది. అయినా బాల్కనీలోకి వెళ్లి చిన్న రింగు తీసుకుంది, ఎందుకు తీసుకుందో ఆవిడకే తెలియదు. ఇన్నేళ్ల అలవాటు, ఆయన చెప్పడం, తను చెయ్యడం. నాలుగు వరసలు పడ్డాయి.

హారతి బడినుంచి వచ్చి పక్కన నిలబడింది. కాసేపు చూసింది. అడక్కుండానే జేబులోంచి ఎడంచెయ్యి తీసి, గుప్పిట మూసి ముందుకి చాపింది.

"ఎందుకమ్మా?"

"తాతయ్య చెప్పాడు, సంచి నాకేనని. కొలత తీసుకో నానమ్మా. బిగుతుగా వద్దు, నొప్పెడుతుంది."

కమలాకుమారి ఆ గుప్పిటని రెండు చేతుల్లోకీ తీసుకుని ముద్దు పెట్టుకుంది. పిల్లని ఆడుకోమని పంపించింది. చిన్న రింగుమీది నాలుగు వరసలూ సర్రున లాగి పారేసింది. పెద్ద రింగు తీసింది.

ఆదివారం మధ్యాహ్నం అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. ముద్దపప్పు, దోసకాయ పచ్చడి, చారు, అప్పడాలు. కమలాకుమారి వడ్డన కానిచ్చి, బూడిదరంగు ఊలు సంచి తెచ్చి జగన్నాథరావు ముందుకి చాపింది. ఆయన దాన్ని తిప్పి చూశాడు.

"ఇంత పెద్దదేవిటే? పిల్ల రెండు చేతులూ కాళ్లూ కూడా పడతాయి ఇందులో."

"పిల్లకి కాదు. మీ కొలతే."

"నాకెందుకు?"

"కుడిచేతికి కట్టుకుని ఈ ఒక్క పూట భోజనం చెయ్యండి. ఒలకబోయకుండా, ఎవరిమీదా విసుక్కోకుండా తినండి చాలు. ఇదే విప్పి చిన్నది అల్లి, దాని చేతికి నేనే కడతాను. మళ్లీ ఈ విషయంలో నోరెత్తను. అలవాటవుతుందన్నారుగా? డెబ్బయ్యేళ్ల అనుభవమున్న మనిషికి ఇంకా తొందరగా అవ్వాలి."

మురళీకృష్ణ ఫోను పక్కన పెట్టాడు. కొడుకూ కోడలూ చూస్తుండగా వెనక్కి తగ్గితే సెక్షనాఫీసరేం సెక్షనాఫీసరు? "ఒక్క పూటేగా. కట్టు" అని జగన్నాథరావు చెయ్యి చాపాడు. ఆవిడ తొడిగి, నాడా గట్టిగా బిగించి ముడేసింది. ఆయన కళ్లు ఆ ముడిమీద ఆగాయి.

"అదేవిటి, ఎడంచేత్తో ముడేస్తున్నావు?"

"పెళ్లయిన దగ్గర్నుంచీ వేస్తున్నాను. ఇవాళ చూశారు."

"అంటే నువ్వు..."

"పుర్రచేతిదాన్నే. పెళ్లిచూపులప్పుడు కాఫీ ఒక్కటి కుడిచేత్తో ఇచ్చాను. ఇన్నేళ్లూ మీరు తిన్న ప్రతి కూరా ఈ చెయ్యి తరిగిందే. అరిగిందా, లేదా?"

సుహాసిని నవ్వు ఆపుకోలేక మంచినీళ్ల గ్లాసు అడ్డం పెట్టుకుంది. జగన్నాథరావు కంచం వైపు తిరిగాడు.

ఎడంచేత్తో పప్పన్నం కలపడం మొదలుపెట్టాడు. వేళ్లు ఒకదానితో ఒకటి కలవవు. నెయ్యి ఒక వైపు, అన్నం ఒక వైపు. ముద్ద చేస్తే నోటిదాకా వచ్చేలోపు సగం ఒళ్లో పడింది. కట్టేసిన కుడిచెయ్యి ఉండి ఉండి ఎగిరొచ్చి కంచానికి తగులుతోంది. గ్లాసు జారి నీళ్లు బల్లంతా పారాయి. "ఆ గుడ్డ ఇటివ్వమ్మా, చూస్తూ కూర్చుంటావేం!" అని కోడలిమీద అరిచాడు.

"విసుక్కున్నారు" అంది కమలాకుమారి.

"విసుక్కోలేదు!"

హారతి ఇదంతా కళ్లింత చేసుకుని చూస్తోంది. దాని ఎడంచెయ్యి గౌను జేబులోనే ఉంది. కుడిచేతి వేళ్లకి అంటుకున్న మెతుకులు ఎండిపోయాయి.

"తాతయ్యా, చారు ఇప్పుడు పోసుకోకు, జారిపోతుంది" అంది. తర్వాత ఆయన చేతికున్న సంచి వైపు చూసి, గొంతు తగ్గించి అడిగింది. "తాతయ్యా, నీ చెయ్యి కూడా చెడ్డదా?"

జగన్నాథరావు చేతిలో ముద్ద కంచంలో పడింది. పిల్ల మొహంలో వెక్కిరింత ఏమైనా ఉందేమోనని చూశాడు. లేదు. దానికి నిజంగా తెలుసుకోవాలనే ఉంది.

"విప్పవే" అన్నాడు పెళ్లాంతో.

"విప్పుతాను. ముందు అది అడిగినదానికి చెప్పండి."

"చెడ్డదేం కాదమ్మా" అన్నాడు మనవరాలితో.

"మరి నాది?"

ఆయన కంచం చూశాడు, కిటికీ చూశాడు. పెదవులు కదిలాయి గానీ మాట బల్ల దాటి రాలేదు.

"వినపడలేదు" అంది కమలాకుమారి.

"నీదీ కాదు!" అని జగన్నాథరావు అరిచాడు. కింది వాటాకి కూడా వినిపించేంతగా అరిచాడు. అరిచాక ఆయన కళ్లు తడయ్యాయి. తుడుచుకోడానికి ఒక చేతికి సంచి, రెండో చేతికి పప్పు.

హారతి జేబులోంచి ఎడంచెయ్యి తీసింది. గౌనుకి తుడుచుకుని, స్కేలు ఎక్కడుందోనని ఒకసారి బల్లంతా చూసి, అప్పడం అందుకుంది.